మూడో మంచుపట్టు

అనగనగా ఒక మంచుకొండ ఉండేది. ఆ కొండ కింది లోయలో ముగ్గురు నేస్తాలు ఉండేవారు. ఒక మేక, ఒక గొర్రె, ఒక కుందేలు.

మేక పేరు కొమ్ముదొర. వాడికి పెద్ద కొమ్ములు, అంతకన్నా పెద్ద తొందర. గొర్రె పేరు ఉన్నక్క. కొమ్ముదొర పాలు తాగే వయసులోనే తల్లి చనిపోతే, తన పాలిచ్చి పెంచింది ఈ ఉన్నక్కే. కుందేలు పేరు దూదయ్య. చాలా నెమ్మదస్తుడు.

ఆ ఏడు చలి ఎంతకీ వదల్లేదు. లోయలో గడ్డి అయిపోయింది. ఉన్నక్క ఎంత చిక్కిపోయిందంటే, అంత ఉన్నిలోంచి కూడా ఎముకలు తెలిసేవి. ఎండలు మొదలవగానే ముగ్గురూ కొండ అవతల ఉన్న పచ్చికబయలుకు బయలుదేరారు. దారిలో తినడానికి మిగిలిన ఎండుగడ్డిని మూటలు కట్టి వీపున వేసుకున్నారు.

కొంత దూరం ఎక్కాక కొమ్ముదొర ఆయాసపడ్డాడు.

"అక్కా, నా మూట కూడా నువ్వు తీసుకోవూ? నేను ముందు నడిచి దారి చూస్తాను" అన్నాడు.

"సరే, ఇలా వెయ్యరా తమ్ముడూ" అంది ఉన్నక్క. ఆ మూట కూడా తనే మోసింది.

ఎండాకాలం వచ్చినా కొండ మీద మంచు పూర్తిగా కరగలేదు. అక్కడక్కడా దారికి అడ్డంగా మందపాటి పలకల్లా పట్టులు కట్టి ఉంది. మొదటి పట్టు దగ్గర ఉన్నక్క ఆగి, కాలితో తట్టి చూసింది. కింద గట్టి రాయి. ముగ్గురూ దాటారు. రెండో పట్టు దగ్గరా అలాగే చూసి దాటారు.

మూడో పట్టు దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలింది. రోజంతా కాసిన ఎండకు మంచు మెత్తబడింది. ఉన్నక్క వంగి చెవి ఆనించింది. లోపల ఎక్కడో నీళ్లు పారుతున్న చప్పుడు.

"తమ్ముడూ, దీని కింద వాగు ఉందిరా. పైన మంచు పైకప్పులా నిలబడింది, అంతే. ఈ రాత్రికి ఆ బండ కింద పడుకుందాం. తెల్లవారేసరికి చలికి గట్టిపడుతుంది, అప్పుడు దాటొచ్చు" అంది.

కొమ్ముదొర వెనక్కి చూశాడు. దూరంగా కింద జడలబర్రెల మంద కొండెక్కుతోంది.

"వాళ్లు మనకన్నా ముందు వెళితే గడ్డంతా మేసేస్తారు. రెండు పట్టులు దాటాం, ఏమైంది? ఇదీ అంతే" అన్నాడు.

"నేను రాను. ఒక్క రాత్రి ఆకలికి చచ్చిపోను" అన్నాడు దూదయ్య.

"పిరికివాడా, అయితే ఇక్కడే ఉండు!" అంటూ కొమ్ముదొర మంచు మీదికి దూకాడు. వీపున బరువేమీ లేదు. నాలుగు గెంతుల్లో అవతలి ఒడ్డున ఉన్నాడు.

"చూశావా అక్కా? ఏమీ కాలేదు. రా!"

ఉన్నక్క కదల్లేదు.

"రాకపోతే నేను ఒక్కడినే వెళ్లిపోతాను!" అని అరిచాడు కొమ్ముదొర. అటు తిరిగి రెండడుగులు వేశాడు కూడా.

ఉన్నక్క దూదయ్య వైపు చూసింది. "వాడొక్కడూ ఎలా వెళతాడయ్యా? దారి కూడా సరిగ్గా తెలియదు" అంది. రెండు మూటలతో మంచు మీద కాలు పెట్టింది.

నడిమధ్యకు వచ్చింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు పిల్లలూ. మంచు కుంగింది. ఉన్నక్క నడుము దాకా దిగబడింది. ముందుకాళ్లతో అంచు పట్టుకోబోతే అంచు విరిగింది.

"తమ్ముడూ, దగ్గరికి రాకు! నువ్వూ పడతావు!" అంది.

అదే ఆమె చివరి మాట. ఆమె ఉన్నచోట నల్లటి గుంట మిగిలింది. లోపల నీళ్లు పారుతున్నాయి.

కొమ్ముదొర వాగు ఒడ్డున కిందికి పరుగెత్తాడు. "అక్కా! అక్కా!" అని పిలుస్తూ మంచంతా కాళ్లతో తవ్వాడు. డెక్కలు చిట్లి నెత్తురు కారింది. అవతలి ఒడ్డున దూదయ్య కూడా పిలిచాడు. మంచు కింద నుంచి ఏ జవాబూ రాలేదు.

మర్నాడు పొద్దున్నే గట్టిపడిన మంచు మీదుగా, ఆ గుంటకు చాలా ఎగువన, దూదయ్య దాటాడు. వెనకే జడలబర్రెలూ దాటాయి. ఎవరికీ ఏమీ కాలేదు.

వాళ్లు వచ్చేసరికి కొమ్ముదొర పచ్చికబయలులో నిలబడి ఉన్నాడు. మోకాలి దాకా లేతగడ్డి. మందలు ఎన్ని వచ్చినా తరగనంత గడ్డి. వాడు ఒక్క పరక కూడా కొరకలేదు.

మందలో ముసలి బర్రె వాడి దగ్గరికి వచ్చింది. "నిన్న కింది నుంచి చూశాను, మీరు ముగ్గురు కదా? ఆ గొర్రె ఏది నాయనా?" అని అడిగింది.

దూదయ్య తల దించుకున్నాడు. చెప్పాల్సింది తను కాదని అతనికి తెలుసు.

కొమ్ముదొర వెనక్కి తిరిగి మంచు వైపు చూశాడు.

"వద్దంది" అన్నాడు. "నేను రమ్మన్నాను. వచ్చింది."

నీతి: మనల్ని ప్రేమించేవాళ్లు మన తొందర వెనక కూడా నడుస్తారు. అందుకే అడుగు వేసేముందు మన ప్రాణం ఒక్కటే కాదు, వాళ్ల ప్రాణం కూడా తలుచుకోవాలి.