చిల్లగట్టు ఆలకింపులమ్మ చూపు దించుకున్న వైనం

చిల్లగట్టు మీది ఆలకింపులమ్మ గుడిలో రాతి విగ్రహం లేదు. గర్భగుడి గోడ మీద రాసిన బొమ్మే మూలమూర్తి. అమ్మవారు భక్తుల వంక చూడదు. తల కాస్త పక్కకు వంచి, చూపు దించి, కుడిచేయి ముందుకు చాపి ఉంటుంది. కొత్తగా వచ్చినవారు అమ్మకు తమ మీద కోపమేమోనని బెంగపడతారు. ఆ బెంగ అక్కరలేదు.

పూర్వం ఇక్కడ నంబాద్రి అనే నకాషీ చిత్రకారుడు ఉండేవాడు. చింతగింజల జిగురులో జాజు, పసుపు, దీపపు మసి కలిపి అతడు గీసిన బొమ్మలను చూడడానికి ఊళ్లకు ఊళ్లే కదిలివచ్చేవి. తాతల నాటి పటాలు చూసి గీయడం అతనికి గిట్టదు. సంతకు పోయి బేరమాడే చేతులు, బరువెత్తే మెడలు చూసివచ్చి వాటినే దేవతలకు పెట్టేవాడు. ఎవరైనా ఆక్షేపిస్తే, మనుషుల్ని చూడకుండా దేవుణ్ణి గీసేంత గొప్ప కళ్లు తనకు లేవనేవాడు.

అటువంటివాడి ఇంట ఏడేళ్ల కూతురు జ్వరంతో పోయింది. భార్య రామక్క ఆనాటి నుంచి నోరు విప్పలేదు, ఏడవనూ లేదు. వండేది, పెట్టేది, గోడకు చేరగిలి కూర్చునేది. అమ్మ ఎదుట నిలిస్తే ఆమె గుండె కరుగుతుందన్న ఆశతో నంబాద్రి పాడుబడిన ఈ గుడి గోడకు సున్నం పూసి, మూడు నెలలు కష్టపడి తల్లిని గీశాడు. నిండు మొహం, సూటిగా చూసే పెద్ద కళ్లు. చూసినవారు ముక్కున వేలేసుకున్నారు. రామక్క మాత్రం వచ్చి, దండం పెట్టి, మాట లేకుండా తిరిగి వెళ్లింది.

బతుకమ్మ పండుగ ముందు గాజులమ్మే బుచ్చమ్మ, గాజుల సరాలు గుచ్చిన మలారం భుజాన మోసుకుని వాళ్ల ఇంటికి వచ్చింది. లోపల రంగు నూరుతున్న నంబాద్రికి ఏడాదిగా వినని గొంతు వినిపించింది. తలుపు చాటు నుంచి చూశాడు. రామక్క చేయి బుచ్చమ్మ చేతిలో ఉంది. బుచ్చమ్మ ఆమె మొహం చూడడం లేదు. తల వంచి, చెవి ఒగ్గి, వేళ్ల కణుపులు మెల్లగా నొక్కుతూ గాజు ఎక్కిస్తోంది. రామక్క బిడ్డ పేరెత్తి ఏదో చెబుతోంది. అంతలో నంబాద్రి అలికిడై ఆమె మాట ఆగిపోయింది.

గాజులామెతో చెప్పిన మాట గుడిలోని అమ్మతో ఎందుకు చెప్పలేదని అతడు భార్యను బతిమాలి అడిగాడు.

"నువ్వు రాసిన అమ్మ నన్నే జూస్తుంటది," అన్నది రామక్క. "అట్ల జూస్తుంటె నోరెట్లొస్తది?"

మర్నాడే అతడు తడిగుడ్డతో ఆ మొహాన్ని తుడిచేశాడు. ఊరి పెద్దలు అడ్డుపడ్డారు, మతి పోయిందన్నారు. తన జన్మలో గీసిన అంత గొప్ప బొమ్మను తన చేతులతోనే చెరుపుకోవడం మాటలు కాదు. కొత్త మొహానికి బుచ్చమ్మ తల వంపునిచ్చాడు. గాజులు తొడిగే చేతినే అమ్మకు పెట్టాడు.

మళ్లీ గుడికి వచ్చిన రామక్క గోడ మీది ఆ చేతిలో తన చేయి ఉంచింది. నంబాద్రి బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. పొద్దు వాలేదాకా లోపల ఆమె మాట వినిపిస్తూనే ఉంది, నడుమ ఏడుపూ వినిపించింది. లోనికి వెళ్లాలని ప్రాణం కొట్టుకున్నా అతడు మెట్టు మీది నుంచి కదలలేదు. చివరకు ఆమె బయటికి వచ్చి, ఆకలైతున్నదని అన్నది.

నేటికీ భక్తులు ఒక్కొక్కరే లోనికి వెళతారు. పూజారితో సహా అందరూ బయటే కూర్చుంటారు, ఎంతసేపైనా ఎవరూ తలుపు తట్టరు. ఎన్నో చేతులు తాకి రంగు చెదిరిపోతుంది కనుక నకాషీలు ఏటా అమ్మ అరచేతిని మాత్రం తిరిగి రాస్తారు. పోయినవారిని అమ్మ తెచ్చి ఇస్తుందని ఇక్కడ ఎవరూ చెప్పరు. గుండె బరువు దిగుతుందని మాత్రం తరతరాల నమ్మకం. బయటికి వచ్చినవారిని ఏం చెప్పుకున్నావని అడగరాదు. సద్ది విప్పి ముందు అన్నం పెట్టాలి.