పానాకు తొడిగిన పైపు

తిరుపాలుకు భయం పట్టుకుంది. రేపు పొద్దున్నే మళ్లీ నల్లమల ఘాటు ఎక్కాలి.

మొన్న ఆ ఘాటు మధ్యలోనే కారు ఇంజను వేడెక్కి, పొగలు కక్కి ఆగిపోయింది. ఇంజనుకు నీళ్లు తిప్పే పంపు పోయింది. వెనక సీట్లో భార్య సుంకులమ్మ. నంద్యాలలో ఆమెకు డయాలసిస్ చేయించాల్సిన రోజది. ఓ లారీ వచ్చి ఎక్కించుకునేదాకా మూడు గంటలు ఆమె ఆయాసం వింటూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు.

అందుకే కొత్త పంపు తెచ్చి, ఇంటి ముందు రేకుల కింద తనే బిగిస్తున్నాడు. చేతగాని పనేం కాదు. ఒకప్పుడు మస్తాన్ వలీ షెడ్డులో నాలుగేళ్లు పనిచేసినవాడే. ఆరు బోల్టులూ బిగించాడు. నమ్మకం కుదరక మళ్లీ బిగించాడు. మూడోసారి, పట్టు చాలదేమోనని, పానాకు మూరెడు ఇనప పైపు తొడిగి లాగాడు.

బోల్టు కిర్రుమంది.

"ఆపురా!"

గేటు దగ్గర మస్తాన్ వలీ. శిష్యుడి కారు చెడిందని విని, కర్ర పట్టుకుని చూడవచ్చాడు.

"ఇంకొక్క పట్టు, ఉస్తాద్. దారిలో వదులైతే?"

"తెగితే?"

తిరుపాలు చెయ్యి ఆగింది. బోల్టు తెగి లోపల ఇరుక్కుంటే రేపు కారు కదలదు. పానాకు పైపు తొడగొద్దని షెడ్డులో అడుగుపెట్టిన మొదటి రోజే చెప్పాడు ఉస్తాద్. తెలిసీ తొడిగాడు.

ఉస్తాద్ తిట్టలేదు. పైపు లాగి చంకలో పెట్టుకున్నాడు. ఆరు బోల్టులూ వదులు చేయించి, ఏదీ దెబ్బతినలేదు కదా అని వేలితో తడిమి చూశాడు. తర్వాత ఇంట్లోకి కేకేశాడు.

"అమ్మా సుంకులూ, ఓసారి ఇట్లా రా."

ఆమె గోడ పట్టుకుని మెల్లగా వచ్చింది. సూదులు గుచ్చే ఎడమ చేతిని కొంగు చాటున దాచుకుంది. ఉస్తాద్ పానా ఆమె కుడిచేతికిచ్చాడు.

"తిప్పు."

"నాకేం తెలుసు తాతా?"

"తిరిగినంతే తిప్పు."

ఒక్కొక్క బోల్టు మీదా పానా పెట్టి చూపించాడాయన. ఆమె తిప్పింది. ఆరోదాని దగ్గర ఆగి, "ఇంక రావడంల్యా" అంది.

"చాలు."

తిరుపాలు ఆగలేకపోయాడు. "ఉస్తాద్, ఆమెకు సత్తువ లేదు గదా!"

"అందుకే పిలిచినా."

నీళ్లు పోసి ఇంజను ఆన్ చేశారు. పావుగంట తిరుపాలు నేల మీద బోర్లా పడుకుని పంపు కిందే చూశాడు. వేడి చూపించే ముల్లు సగం దాకా వచ్చి నిలబడింది. చుక్క కారలేదు. అయినా అతను లేవలేదు.

ఉస్తాద్ పైపుతోనే వెళ్లిపోయాడు.

మర్నాడు ఘాటు మొదటి మలుపులోనే తిరుపాలుకు చెమటలు పట్టాయి. చూపు రోడ్డు మీదికంటే ముల్లు మీదికే పోతోంది. స్టీరింగు మీద వేళ్లు తెల్లబడ్డాయి.

"ఏమయ్యా, దాన్ని పీకేస్తావా ఏంది?" అంది వెనక నుంచి సుంకులమ్మ.

తిరుపాలు అద్దంలో ఆమెను చూశాడు. వేళ్లు ఒక్కొక్కటే వదులు చేశాడు. నిన్న ఆమె పానా పట్టుకున్నంతే స్టీరింగును పట్టుకుని మలుపు తిప్పాడు.