వరికంకి ముద్ర

అనగనగా, వాన పడితే జనం నవ్వి, యుద్ధం వస్తే జనం ఏడ్చే కాలంలో, ఒక పట్నంలో గుండయ్య శెట్టి అనే వ్యాపారి ఉండేవాడు. బసవాచారి కొలిమికి పెట్టుబడి ఆయనదే. ఆ కొలిమిలో నాగలి కర్రులు తయారయ్యేవి. ఎవరి సొమ్ముతో ఇనుము కొంటే వారి ముద్ర ఆ ఇనుము మీద పడాలని అక్కడి ఆచారం. శెట్టి ముద్ర వరికంకి.

ఏటి అవతల వేరే రాజ్యం. శెట్టి ఏటా కర్రులు బండికెత్తుకుని అక్కడి పల్లెలకు వెళ్లి అమ్మేవాడు. ఏరువాకనాడు అక్కడి ఆడవాళ్లు కర్రు మీది ఆ వరికంకికి పసుపు రాసి, బొట్టు పెట్టాకే అరక కట్టనిచ్చేవారు. ఆ పల్లెల్లోనే ఓబులమ్మ అనే రైతు శెట్టిని "అన్నా" అని పిలిచేది. తోబుట్టువులు లేని మనిషి కదా, ఆ పిలుపంటే ఆయనకు ప్రాణం.

ఒకనాడు రాజుగారి మనుషులొచ్చి ఈటెలు కావాలన్నారు. బసవాచారి తల అడ్డంగా ఊపాడు.

"కర్రు ఎవరి చేతిలో పడినా మట్టినే కోస్తుంది శెట్టిగారూ. ఈటె అట్లా కాదు. మనకొద్దండీ."

"మన ఊరిని మనం కాపాడుకోవద్దా ఆచారీ?" అన్నాడు శెట్టి.

ఆ మాటా నిజమే కదా! ఆచారి ఈటెలు చేశాడు. వాటి మీదా వరికంకి పడింది.

రెండోసారి ఏటి అవతలి రాజు మనుషులొచ్చారు. "పాపం, వాళ్లూ కాపాడుకోవాలిగా!" అని నవ్వేశాడు శెట్టి. బసవాచారి మాత్రం నవ్వలేదు. సుత్తి కింద పెట్టి, "ఇక నా చేతులు రావండీ" అని వెళ్లిపోయాడు. కొలిమికి మరో కమ్మరి వచ్చాడు.

మూడోసారి ఎవరూ రాలేదు. అడుగుతారని శెట్టి ముందే చేయించి పెట్టిన ఈటెలు కొట్లో గుట్టలు పడి తుప్పు పట్టసాగాయి. ఒకప్పుడు వానల కోసం మొక్కుకున్న శెట్టి, ఇప్పుడు కోట నుంచి వచ్చేవాళ్లను ఆపి, "ఎక్కడైనా గొడవలున్నాయా?" అని అడిగేవాడు. చివరికి ఒకరోజు యుద్ధభేరి మోగింది. వీధిలో అందరూ పిల్లల్ని లోపలికి లాక్కుని తలుపులు వేసుకున్నారు. శెట్టి మొహం మాత్రం విప్పారింది. ఆయన భార్య అది చూసి తల దించుకుంది. వింటున్నారా పిల్లలూ, ఆ మొహాన్ని ఆయన కూడా ఒక్కసారి చూసుకుని ఉంటే ఎంత బాగుండేది!

యుద్ధం ముగిసింది. ఏరువాక వచ్చింది. శెట్టి కొత్త కర్రులు బండికెత్తుకుని ఏరు దాటాడు.

ఓబులమ్మ ఎప్పటిలా చెంబుతో నీళ్లిచ్చింది. లోపలికి వెళ్లి ఒక ఈటె మొన తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నా కొడుకు నరసింహుడి డొక్కలోంచి తీశారన్నా. దీని మీద వరికంకి ఉంది. మా అన్న ముద్రను ఎవడో దొంగిలించాడని ఊరంతా తిరిగి చెప్పాను. అవునో కాదో నువ్వే చెప్పు."

అవునంటే చాలు, అన్న అన్నగానే ఉండిపోయేవాడు. శెట్టి నోట ఆ అబద్ధం రాలేదు.

"దొంగ ఎవరూ లేరమ్మా. నేనే వేయించాను."

ఓబులమ్మ తిట్టలేదు. నాగలి దగ్గరికి వెళ్లి, కర్రు మీద అప్పుడే రాసిన పసుపును కొంగుతో తుడిచేసింది.

"వెళ్లండి శెట్టిగారూ" అంది.

ఆయన తిరిగొచ్చి కొలిమిలోంచి తన సొమ్ము తీసేసుకున్నాడు. కొలిమి ఆగలేదు, ఇంకొకరు పెట్టుబడి పెట్టారు. ఆయన ముద్రున్న ఈటెలు ఎవరెవరి చేతుల్లోనో ఉండిపోయాయి. బసవాచారి ఎక్కడో కొడవళ్లు చేసుకుంటున్నాడని తెలిసి వెతుక్కుంటూ వెళ్లాడు.

"మళ్లీ కర్రులు చేద్దాం ఆచారీ."

"చేద్దాం శెట్టిగారూ. ముద్ర మాత్రం వద్దు."

అప్పటినుంచి ఆ పల్లెల ఆడవాళ్లు ముద్ర లేని ఇనుముకే పసుపు రాస్తున్నారు. ఏటా ఏరువాకకు కర్రుల బండి ఏరు దాటుతుంది. శెట్టి మాత్రం ఇవతలి గట్టునే నిలబడి, అటునుంచి ఎవరైనా "అన్నా" అంటారేమోనని చెవి ఒగ్గి వింటాడు. ఎవరూ అనరు.

విసిరిన చెయ్యి మరొకరిదైనా, ఆ ఈటె మీద లాభం తిన్నవాడికి అది తీసిన ప్రాణంలో పాలు ఉంటుంది.