సున్నాల గవరమ్మ, బోలుమారి

ఒట్టు. ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నోట్లో మిగిలిన మూడు పళ్ళూ ఈ పూటే ఊడి మీ ఒళ్ళో పడాలి. చెట్టు మీద ఒట్టు, పుట్ట మీద ఒట్టు, అయినా నమ్మకపోతే మీ మీదే ఒట్టు.

సముద్రం ఇంకా చంటిపిల్లగా ఉండి, దానికి ఉప్పు వేయాలని ఎవరికీ తోచని రోజుల్లో, ఏరు వెళ్ళి సముద్రంలో కలిసే చోట ఒక ఊరుండేది. దాని అసలు పేరు అందరూ మరిచిపోయారు. బెండువాడ అనేవారు. ఎందుకంటే ఆ ఊరి ఆడవాళ్ళ ఎముకలు జీలుగుబెండు కన్నా తేలిక. గాలివాన వస్తే ఎగిరిపోకుండా ఒక్కొక్కరి కాలికి ఒక్కొక్క రుబ్బురోలు కట్టేవారు.

ఒకావిడ బిందె ఎత్తింది. టక్. ముంజేయి విరిగింది.

ఇంకొకావిడ తుమ్మింది. టక్. పక్కటెముక విరిగింది.

మూడో ఆవిడ మొగుడు చెప్పిన ముచ్చటకి నవ్వింది. టక్. దవడ విరిగింది. ఆ రోజు నుంచి ఆ ఊరి మొగుళ్ళు ముచ్చట్లు చెప్పడం మానేశారు.

మీరు నవ్వుతున్నారు. ఆ ఊళ్ళో ఎవరూ నవ్వలేదు. ఆ టక్ ఎవరి పనో వాళ్ళకి తెలుసు. బోలుమారి పని.

బోలుమారి మిట్టమధ్యాహ్నం వస్తుంది. ఎండ నడినెత్తిన నిలబడి, మనిషి నీడ మనిషి కాళ్ళ కిందే దాక్కునే వేళ వస్తుంది. తాటిచెట్టంత పొడుగు, మసిబొగ్గంత నలుపు, దానికి పాదాలుండవు. తలుపు సందులోంచి ఎండ చార ఎలా దూరుతుందో అది అలా దూరుతుంది. కునుకు తీస్తున్న ఆడదాని మడమకు పెదాలు ఆనిస్తుంది. మునక్కాడ జుర్రినట్టు ఎముకలోని మూలుగంతా జుర్రుకుపోతుంది. నొప్పి తెలియదు. లేచి నడిచినప్పుడే తెలుస్తుంది. టక్.

కడుపుతో ఉన్నవాళ్ళంటే దానికి మరీ ఇష్టం.

ఆ ఊళ్ళో భూతాలను కట్టే ఎజ్జోడు ఒకడుండేవాడు. కడుపుతో ఉన్నవాళ్ళకి వాడు మూడు కట్టుబాట్లు పెట్టాడు. నల్లనిది తినకూడదు. ఎండ ముఖం చూడకూడదు. గడప దాటకూడదు.

“నలుపు తింటే నల్లది వస్తాది” అన్నాడు.

ఊరంతా ఆ మాట పట్టుకుంది. నువ్వులు ఏట్లో పారబోశారు. చోళ్ళు, అదే రాగులు, కోళ్ళకు వేశారు. పచ్చగా పాకే నల్లేరుని సైతం, పేరులో నలుపుందని, కంచెల మీద నుంచి పీకి తగలబెట్టారు. నెల తప్పిన పిల్లను చీకటి గదిలో పెట్టి, కంతలన్నీ గుడ్డలతో కుక్కి, తెల్లటి గంజి పోశారు. ఎంత జాగ్రత్త పడితే అంత టక్. టక్ మన్న కొద్దీ ఇంకా జాగ్రత్త.

ఊరి చివర ఏటి గట్టున సున్నపు బట్టీ ఉండేది. అక్కడ గవరమ్మ ఉండేది. మోకాటి లోతు బురదలో దిగి గుల్లలు ఏరేది. ఆ గుల్లల్ని బట్టీలో కాల్చేది. కాలిన గుల్ల మీద నీళ్ళు చల్లితే అది పాములా బుసకొట్టి పొడి అయ్యేది. ఆ సున్నాన్ని గంపకెత్తుకుని వీధివీధీ తిరిగేది. తాంబూలానికి ఆ సున్నమే, గోడలకి ఆ సున్నమే. కానీ గవరమ్మను గడప లోపలికి ఎవరూ రానిచ్చేవారు కాదు. వాకిలి బయట రాతి మీద సున్నం పెట్టి పోవాలి.

ఆవిడకి నూట పదేళ్ళు. పోనీ, తొంభై. గంప బరువు ఏనుగుపిల్లంత. ఒకసారి తాటిచెట్టు మీద నుంచి జారిపడితే ఆవిడకేమీ కాలేదు, కిందున్న బండ పగిలింది. చోడి అంబలి తాగేది, నువ్వులు నమిలేది, తన కంచె మీద మిగిలిన నల్లేరుతో పచ్చడి చేసుకునేది. లేనివాళ్ళ తిండి అది. సున్నాలవాళ్ళ ఇంటికి మారి కూడా రాదని ఊరి నమ్మకం, అందుకని ఆవిడకి ఎవరూ కట్టుబాటు చెప్పలేదు.

కానీ గవరమ్మకి ఒక్కగానొక్క కూతురుండేది. పైడి. పైడి నీళ్ళోసుకున్నప్పుడు గవరమ్మ భయపడింది. పెద్దిళ్ళవాళ్ళు చేసిందే తనూ చేసింది. గుడిసెలో చాపలు కట్టి చీకటి చేసింది. నువ్వులు దాచేసి గంజి పోసింది. పురిటినాడు తొంటి ఎముక విరిగింది. టక్. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు.

ఆ తర్వాత ఒకనాడు బురదలో గుల్లలు ఏరుతూ ఏరుతూ గవరమ్మ ఆగిపోయింది. ఒకే గుడిసె. ఒకే చాప. రోజూ నల్లది తిని ఎండలో తిరిగిన నన్ను మారి ముట్టలేదు. గంజి తాగి చీకట్లో కూర్చున్న పిల్లను ముట్టింది. అయితే పైడిని చంపిందెవరు?

ఆ ప్రశ్న ముందు బోలుమారి ఏపాటి.

అప్పుడే పెదనాయుడింట్లో మూడో కోడలు నెల తప్పింది. పేరు అసిరి. పదహారేళ్ళ పిల్ల. ఆ ఇంట్లో మొదటి కోడలు పురిట్లో, టక్. రెండో కోడలు పురిట్లో, టక్. మూడోదానికి అత్త పారమ్మ ఏడు గొళ్ళేలు పెట్టింది.

ఐదో నెలలో, ఒక రోజు ఇంటి వెనక సందులో, పెరటి వాకిలి బయటి రాతి మీద సున్నం పెడుతుంటే గవరమ్మకి గోడలోంచి ఏడుపు వినిపించింది. పిల్లిపిల్ల ఏడ్చినట్టు. గోడకి చెయ్యి దూరేంత కంత ఉంది, దానికి గుడ్డ కుక్కి ఉంది. గవరమ్మ అటూ ఇటూ చూసి గుడ్డ లాగింది. కొంగున ఉన్న నువ్వులుండ తీసి, చెయ్యి లోపల పెట్టింది.

మోచేతి దాకా తెల్లటి చెయ్యి. లోపల పళ్ళు టకటకలాడాయి.

“నన్ను జుర్రకే తల్లీ! మా అత్తని జుర్రుకో, లావుగా ఉంటాది!”

“మీ అత్తని జుర్రితే నాకు అజీర్తి చేస్తాది. నేనే అమ్మా, సున్నాల గవరమ్మని.”

“మారి కూడా అలాగే అంటాది.”

“మారి నువ్వులుండ తెస్తాదేటే, పిచ్చి గుంటా?”

లోపల పిల్ల ఉండని వాసన చూసింది. తర్వాత అసిరి గొంతు, సన్నగా: “నల్లగుంది. నలుపు తింటే నల్లది వస్తాది.”

“నా పైడి తెల్ల గంజే తాగింది” అంది గవరమ్మ. “అదిప్పుడు ఎక్కడుందో నీకు తెలుసు కదా తల్లీ.”

చేతిలోని ఉండ మెల్లగా తేలికైంది. పిల్ల తీసుకుంది.

అలా మొదలైంది. మొదట నువ్వులూ బెల్లం దంచిన ఉండ. దాని తర్వాత నల్లేరు పచ్చడి. చేతికి నూనె రాసుకుని లేత కణుపులు తుంచి, అంచుల నార తీసి, నువ్వుల నూనెలో కమ్మగా వేయించాలి. లేకపోతే నాలుక దురదకి మనిషి ఊరి చుట్టూ పరిగెడుతుంది. మూడోది సున్నపు తేట. కుండెడు నీళ్ళలో చిటికెడు సున్నం వేసి పేరనిచ్చి, పైన తేరిన నీళ్ళు ఉగ్గుగిన్నెడు తీసి మజ్జిగలో కలపాలి.

“అడుగున పేరింది ముట్టావంటే పేగు కాలుతాది. పైది మాత్రమే, అదీ ఇంతే” అని రోజూ చెప్పేది.

నాలుగోది చెప్పడానికే ఆవిడకి పది రోజులు పట్టింది.

“అసిరీ, ఈ కంతలోంచి ఎండ పడతాది. అందులో కాళ్ళు పెట్టు.”

“మిట్టమధ్యాహ్నమా?” పిల్ల కాళ్ళు ముడుచుకుంది. “అది వచ్చేదే ఆ చారలోంచి కదా.”

“నేను బయటే కూర్చుంటాను. వస్తే ముందు నా మీద నుంచి రావాలి.”

గవరమ్మకి ధైర్యం ఉందనుకునేరు. లేదు. ఉన్నదల్లా అనుమానం. గోడకి వీపు ఆనించి కూర్చుంది. సందులో మనిషి లేడు, కుక్క లేదు, కాకి లేదు. ఊరంతా తలుపులు వేసుకుంది. తన నీడ తన కాళ్ళ కిందికి పోయింది. నాది తప్పయితే? ఈ కంత తెరిచి దాన్ని నేనే లోపలికి పంపుతుంటే? రెండో పిల్లను కూడా నేనే చంపుతుంటే? ఆవిడ గుండె చప్పుడు ఏటికవతల ఊరికి వినిపించింది.

లోపల అసిరి మొదటి రోజు బొటనవేలు పెట్టింది. రెండో రోజు పాదం పెట్టింది. మూడో రోజు మోకాళ్ళ దాకా పెట్టింది. మడమకి ఏ పెదాలూ తగల్లేదు. వెచ్చగా ఉంది, అంతే.

నాలుగు నెలలు గడిచాయి. ఎముక రాత్రికి రాత్రి గట్టిపడదు. కొండ పెరిగినంత నిదానంగా పడుతుంది. నెలలు నిండిన వారంలో పారమ్మ పెరటి గోడ చూసింది. కంత చుట్టూ తెల్లటి వేలిముద్రలు. ఒకటి కాదు, నాలుగు నెలల వేలిముద్రలు.

పారమ్మ పెట్టిన కేకకి చెట్ల మీది కాయలన్నీ రాలాయి. ఎజ్జోడు వచ్చాడు. ఊరు వచ్చింది. గవరమ్మను గంపతో సహా పట్టుకొచ్చారు.

“ఒసే గవరీ! నా కోడలికి ఏటి పెడతన్నావే?” అంది పారమ్మ.

“తిండి, నాయురాలమ్మా.”

ఎజ్జోడు గంపలోంచి పిడికెడు సున్నం తీసి పైకెత్తాడు. గాలికి అది పొగలా లేచింది.

“ఊరి ఆడాళ్ళందరి ఎముకలూ బోలు. దీని ఎముకలు ఇనుము” అన్నాడు. “మరి మనలోంచి పోయిన ఎముకంతా ఎక్కడికి పోయింది? ఈ తెల్ల పొడి ఏటనుకుంటున్నారు మీరు?”

ఊరు ఊపిరి పీల్చడం మానేసింది. ఒక్కొక్కరూ తమ ఇంటి గోడల వంక చూసుకున్నారు. తెల్లటి గోడలు. ఒక్కొక్కరూ తమ నోట్లోని తాంబూలం రుచి చూసుకున్నారు. ఎవరో భళ్ళున కక్కారు.

“మారి! ఇదే మారి!”

మిట్టమధ్యాహ్నం ఆవిడను ఆవిడ బట్టీలోనే దించి, ముందు నోటికి మట్టి గోడ పెట్టి మూసేశారు.

“నన్నేమైనా చేసుకోండి” అంటోంది గవరమ్మ లోపల్నుంచి. “ఆ కంత మాత్రం మూయకండి. పురుడయ్యేదాకా మూయకండి. ఓలమ్మా, ఎవరైనా వినండి.”

కింద నిప్పు పెట్టారు. పొగ మొదట పాదాలకి తగిలింది, తర్వాత మోకాళ్ళకి, తర్వాత గొంతుకి. గవరమ్మ మట్టి గోడకి చెవి ఆనించింది. బయట ఒక్కసారిగా అరుపులు ఆగిపోయాయి. తర్వాత పరుగు వినిపించింది. బరువైన పరుగు.

ఏడు గొళ్ళేలూ ఊడబెరికి, గడప దాటి, ఎండలో పడి అసిరి వస్తోంది. నిండు గర్భిణి. ఆపుదామని ఎవరూ చెయ్యి వేయలేదు. ముట్టుకుంటే విరుగుతుందని భయం. ఊరంతా చెవుల్లో వేళ్ళు పెట్టుకుని ఆ చప్పుడు కోసం ఎదురుచూసింది.

అసిరి బట్టీ గోడని కాలితో తన్నింది. దుమ్ము లేచింది. రెండోసారి తన్నింది. మట్టి పెళ్ళలు రాలాయి. మూడోసారి తన్నింది.

టక్.

“అయ్యో, పోయింది నా కోడలు!” అని పారమ్మ కూలబడింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు తెరిచేసరికి విరిగింది బట్టీ గోడ. అసిరి రెండు కాళ్ళ మీద నిలబడి, గవరమ్మను చంకల కింద పట్టుకుని బయటికి ఈడుస్తోంది.

గవరమ్మ గొంతులో పొగ తప్ప గాలి లేదు. “కాలు?” అంది.

“ఉంది.”

“రెండోది?”

“అదీ ఉందే, నా తల్లీ!”

అప్పుడే అసిరికి నొప్పులు మొదలయ్యాయి. ఇంటికి మోసుకుపోయే వ్యవధి లేదు. నడి ఎండలో, బట్టీ ముందే, ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు. గవరమ్మ పాక్కుంటూ వెళ్ళి పిల్ల తొంటికి చెవి ఆనించి పడుకుంది. పైడి తొంటికి ఆనించిన చెవే అది. ఒక నొప్పి. ఇంకో నొప్పి. ఊరు ఊరంతా నోరు మూసుకుని వింటోంది. ఏరు కూడా పారడం ఆపి విందట. మూడో నొప్పి.

వచ్చిన చప్పుడు ఒక్కటే. బిడ్డ ఏడుపు.

గవరమ్మ అది పూర్తిగా వింది. ఆడపిల్ల అని ఎవరో చెప్పారు, అదీ వింది. ఆ తర్వాత ఆవిడ చెవిని అసిరి తొంటి మీద నుంచి వాళ్ళే తీయాల్సి వచ్చింది.

ఆవిడ చితికి ముప్పై బండ్ల కట్టెలు పట్టాయి. ఎముకలు మూడు రోజులు కాలలేదు. ఎజ్జోడు రాత్రికి రాత్రి ఊరు వదిలి పారిపోతూ గట్టు మీద కాలు జారాడు. వాడి చప్పుడు మాత్రం మూడు ఊళ్ళకి వినిపించింది.

బోలుమారి పోయిందా అంటే, ఎక్కడికి పోతుంది. మూసిన తలుపు ఎక్కడుందా అని ఇప్పటికీ మధ్యాహ్నాలు వెతుక్కుంటూనే ఉంటుంది. అందుకే ఆ ఏటి వైపు ఊళ్ళలో పిల్ల కడుపుతో ఉందని తెలియగానే ముందు సున్నం అమ్మే ఆవిడకి కబురు పెడతారు. గడప లోపలికి పిలిచి పీట వేస్తారు. పిల్లను నడివాకిట్లో ఎండలో కూర్చోబెట్టి, మొదటి నువ్వులుండ ఆవిడ చేత తినిపిస్తారు. గవరమ్మ ముద్ద అంటారు దాన్ని. అత్తగారు ఎంతటిదైనా ఆ రోజు ఆ ముద్ద పడ్డాకే తను తింటుంది. ఎవరైనా జారిపడి దులుపుకుని లేచారంటే, “గవరమ్మ పట్టింది” అంటారు.

ఊఁ, నువ్వే, ముందు వరసలో నోరు తెరుచుకుని కూర్చున్నావు. లే. ఎదురింట్లో మూడో నెల కడుపుతో ఉన్న పిల్ల, పొద్దుటి నుంచీ కిటికీ రెక్క తీయలేదు. వెళ్ళి, అవ్వ బియ్యంలో రాళ్ళేరడానికి రమ్మందని చెప్పి మన అరుగు మీద ఎండలోకి తీసుకురా. వాళ్ళత్త ఏం రాళ్ళు అని అడిగితే, బోలెడున్నాయని చెప్పు. నువ్వొచ్చేలోపు నేను వేసి ఉంచుతాను.