రెండిళ్ళ ఊపిరిగొట్టం

అనగా అనగా, గొట్టాలు ఇంకా మట్టితోనే చేసే రోజుల్లో, ఒక రాజుగారి పట్నంలో ఒకే గోడకు అటూ ఇటూ రెండిళ్ళు ఉండేవి. ఒక ఇంట్లో అత్తర్లు చేసే చెంచయ్య, రెండో ఇంట్లో కుండలు చేసే ఈరమ్మ.

రెండిళ్ళ మురుగూ నేలకింద ఒకే గుంతలోకి పోయేది. గుంతలోని చెడుగాలి పైకి పోవడానికి ఈరమ్మ మొగుడు బతికున్నప్పుడు పొడుగాటి మట్టిగొట్టం చేసి, తన పెరట్లో గోడవారన నిలబెట్టాడు. దాన్ని అందరూ ఊపిరిగొట్టం అనేవారు.

చెంచయ్యకు ఒక్కతే కూతురు, వకుళ. ఏ అత్తరు కుదిరిందో, ఏది చెడిందో ఆ పిల్ల ముక్కే చెప్పాలి. కూతురంటే చెంచయ్యకు ప్రాణం. ఆ మాట ఒప్పుకోవాలి.

ఒకనాడు రాణివాసానికి అత్తరు పంపమని కబురొచ్చింది. అంతే, చెంచయ్య కాళ్ళు నేలమీద ఆగలేదు.

"నీ గొట్టం కంపు నా మల్లె అత్తరుకు పడుతోంది ఈరమ్మా. నీ కంపు నీ ఇంట్లోనే ఉంచుకో!" అని నిచ్చెన వేసుకుని, గొట్టం మూతిలో గుడ్డలు కుక్కాడు.

"అది నా ఒక్కదాని కంపు కాదు అన్నా, మనిద్దరిదీ" అంది ఈరమ్మ. ఆయన వినిపించుకోలేదు.

మర్నాడు వకుళ వచ్చి, "నాన్నా, మన జలదారి గదిలోంచే కంపొస్తోంది" అంది. గిన్నెలు కడిగి నీళ్ళు మురుగులోకి వదిలే జలదారి ఈరమ్మకు ఆరుబయట ఉండేది. చెంచయ్యది నాలుగు గోడల మధ్య ఉండేది. అత్తరు పరిమళం బయటికి పోతుందని ఆయన కిటికీలు కూడా తెరవనిచ్చేవాడు కాదు.

గుడ్డల సందుల్లోంచి ఇంకా కంపు వస్తోందనుకుని, గొట్టం మీద కుండ బోర్లించి మట్టి మెత్తాడు. గదిలో సాంబ్రాణి వేయించాడు. కంపు మరింత పెరిగింది. మూడోసారి కుండ తీసేసి ఇటుకా సున్నంతో మూతి పూడ్చేశాడు. గదినిండా పన్నీరు చల్లించాడు.

ఆ పొద్దున వకుళ అత్తరు బుడ్లు కడగడానికి జలదారి గదిలోకి వెళ్ళింది. కాసేపటికి లోపలినుంచే కేకేసింది: "నాన్నా, ఇప్పుడు కంపు రావడం లేదు!"

"చూశావా ఈరమ్మా!" అని చెంచయ్య గోడమీదుగా మీసం దువ్వాడు.

ఈరమ్మ చేతిలో తడిమట్టి జారిపోయింది. "అన్నా, పిల్లను బయటికి లాగు! గుంతలో దిగినప్పుడు ఉన్నట్టుండి కంపు మాయమైతే పరుగెత్తమనేవాడు నా మొగుడు. చెడుగాలి ముందు ముక్కును చంపుతుంది, ఆ తర్వాతే మనిషిని!"

లోపల బుడ్డి పగిలిన చప్పుడైంది. చెంచయ్య ఊపిరి బిగబట్టి పరుగెత్తి, సొమ్మసిల్లిన కూతుర్ని వాకిట్లోకి ఈడ్చుకొచ్చాడు. ఈరమ్మ రోకలి ఎత్తి, మొగుడి చేతి గుర్తుగా మిగిలిన ఆ గొట్టాన్ని ఏడుస్తూనే పగలగొట్టింది. గుంత గాలి బుస్సున బయటికి పోయింది.

వకుళ బతికింది. చెంచయ్య పొంగిపోయి, మల్లె అత్తరు ఆమె ముక్కు దగ్గర పెట్టాడు.

"ఇది నీళ్ళా నాన్నా?" అంది పిల్ల.

మొగలి అత్తరు పెట్టాడు. పిల్ల తల అడ్డంగా ఊపింది. చివరికి ఆమెను చంకనెత్తుకుని, పగిలిన గొట్టం దగ్గరికి వెళ్ళాడు. అక్కడ కంపుకి ఈరమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఒక్కసారి కంపు అను తల్లీ" అని బతిమాలాడు.

"ఏమీ లేదు నాన్నా" అంది వకుళ.

రాణివాసానికి అత్తరు వెళ్ళలేదు. ఈరమ్మ కొత్త గొట్టం చేస్తే, చెంచయ్య తన చేతులతో నిలబెట్టాడు. గాలి సరిగ్గా పోతోందా అని రోజూ పొద్దున్నే దానికింద నిలబడి కంపు పీల్చేవాడు. కూతురి ముక్కు మాత్రం మళ్ళీ పలకలేదు.

కనుక పిల్లలూ, పొరుగువాడి ఊపిరి మూయబోయినవాడు ముందు తన ఇంటి ఊపిరే మూసుకుంటాడు.