గుడ్డలు కప్పిన కంప్యూటర్లు

సముద్రపు ఒడ్డున, ఉప్పు మళ్ళ మధ్య ఉన్న పాలవలసలో సింహాచలం అనే కంప్యూటర్ మాస్టారు ఉండేవాడు. ఓపికగా పాఠం చెప్పేవాడే గాని, తనకు అప్పగించిన వస్తువు ఎక్కడ పాడైపోతుందోనన్న భయం అతనికి మరీ ఎక్కువ.

ఆ ఊళ్ళో ఆడా మగా అందరూ ఉప్పు మళ్ళలోనే పనిచేసేవారు. పొద్దస్తమానం ఉప్పునీళ్ళలో నిలబడి వాళ్ళ పాదాలు పగిలి, పుళ్ళు పడి ఉండేవి. పిల్లలకైనా వేరే పని దొరకాలని సింహాచలం రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు. చివరికి ఊళ్ళో శిక్షణ కేంద్రం పెట్టడానికి ఎనిమిది కంప్యూటర్లు వచ్చాయి. వాటిని అందుకున్నట్టు కాగితం మీద సంతకం పెట్టింది సింహాచలమే. ఆ రోజు నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు.

ఇరవై ఇద్దరు పిల్లలు శిక్షణలో చేరారు. సింహాచలం కంప్యూటర్లకు గుడ్డలు కప్పి, నల్లబల్ల మీద కీబోర్డు బొమ్మ గీసేవాడు. పిల్లలు తమ పుస్తకాల్లో అదే బొమ్మ గీసుకుని, దాని మీద వేళ్ళు ఆడించేవారు. వారానికొకసారి అతను ఒక్క కంప్యూటర్ తెరిచి తనే నడిపి చూపించేవాడు. పిల్లలు అతని వెనక నిలబడి, భుజాల మీదుగా తొంగిచూసేవారు.

వాళ్ళలో కూర్మమ్మ అనే పిల్ల అందరికంటే చురుకైనది. తండ్రి లేడు. తల్లి అప్పలనర్సమ్మ పాదాల పుళ్ళతోనే ఉప్పు మోస్తూ ఆమెను ఇంటర్ దాకా చదివించింది.

"మాస్టారూ, ఒక్కపాలి నన్ను నొక్కనివ్వండి" అని కూర్మమ్మ బతిమాలింది.

"ముందు పుస్తకంలో బాగా నేర్చుకోమ్మా. తప్పు మీట నొక్కితే మిషను పాడవుతుంది. అడిగేది నిన్ను కాదు, సంతకం పెట్టిన నన్ను" అన్నాడు సింహాచలం.

ఆ తర్వాత కూర్మమ్మ ఇంకో రెండుసార్లు అడిగింది. ఆ పైన అడగడం మానేసింది.

ఆరు నెలలకు తనిఖీ అధికారి వచ్చాడు. గుడ్డలు తీసిన కంప్యూటర్లు అద్దాల్లా మెరిశాయి. "ఇంత శుభ్రమైన కేంద్రాన్ని నేనెక్కడా చూడలేదు" అని అతను మెచ్చుకున్నాడు. ఇరవై ఇద్దరికీ సర్టిఫికెట్లు అందాయి. అప్పలనర్సమ్మ కూతురి సర్టిఫికెట్‌కు పటం కట్టించి గోడకు తగిలించింది.

ఆ నెలలోనే పట్నంలో ఒక గిడ్డంగి వాళ్ళు సరుకుల వివరాలు కంప్యూటర్‌లో ఎక్కించడానికి మనుషులు కావాలన్నారు. పాలవలస పిల్లలు కొత్త బట్టలు కట్టుకుని బస్సెక్కారు. పరీక్ష గదిలో కూర్మమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. జీవితంలో మొదటిసారి మౌసు మీద చెయ్యి వేసింది. తెర మీద బాణం గుర్తు ఎటో పారిపోయింది. దాన్ని పట్టుకొచ్చేలోగా ఇంకోవైపు పోయింది. ఏ అక్షరం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగల పిల్ల, అవతలివాళ్ళు టకటకా కొడుతుంటే మూడు మాటలు కూడా కొట్టలేకపోయింది.

"సర్టిఫికెట్ ఉంది కదా, మౌసు పట్టుకోవడం కూడా రాదా?" అన్నాడు అక్కడి ఉద్యోగి. పక్కవాళ్ళు నవ్వారు. పాలవలస నుంచి వెళ్ళిన ఒక్కరికీ ఉద్యోగం రాలేదు.

కూర్మమ్మ ఇంటికి రాగానే గోడ మీద పటం తీసి పెట్టె అడుగున పడేసింది. తల్లి పాదాలు చూస్తూ ఇంట్లో కూర్చోలేకపోయింది. వారం తిరక్కుండానే ఒక ఏజెంటు వెంట, ఎక్కడో దూరాన రొయ్యలు వలిచే ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది.

నాలుగు నెలల తర్వాత ఆ ఫ్యాక్టరీలో రొయ్యల్ని చల్లబరిచే యంత్రం గొట్టం పగిలి విషవాయువు కమ్మేసింది. కూర్మమ్మ బతికింది గాని, ఊపిరితిత్తులు కాలిపోయాయి. మంచం మీద ఇంటికి తెచ్చారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే కొత్త జట్టుకు పాఠాలు మొదలుపెడదామని సింహాచలం గుడ్డలు తీసి కంప్యూటర్లు వేశాడు. ఎనిమిదింటిలో అయిదు వెలగలేదు. పట్నం నుంచి వచ్చిన మెకానిక్ వాటిని విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఉప్పుగాలి లోపలంతా తినేసింది మాస్టారూ. రోజూ వాడి ఉంటే ఆ వేడికి ఇంత చెమ్మ పట్టేది కాదు. మూసిపెట్టి పాడుచేశారు."

సింహాచలం తుప్పు పట్టిన ఆ రేకుల్ని చేత్తో తడిమి చూశాడు. అక్కణ్ణుంచి తిన్నగా కూర్మమ్మ ఇంటికి వెళ్ళాడు. గుమ్మంలోకి రాగానే ఆ పిల్ల ఆయాసం వినిపించింది. అప్పలనర్సమ్మ పీట వేసింది. మర్యాద కోసం అడిగింది.

"మిషన్లు బాగున్నాయా బావూ?"

"అయిదు పోయాయమ్మా. మూడే మిగిలాయి. తప్పంతా నాదే. కూర్మమ్మకి ఈ గతి పట్టించింది నేనే" అని సింహాచలం తలవంచుకున్నాడు.

మంచం మీంచి కూర్మమ్మ మాట్లాడింది. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంది.

"ఆ మూడూ... పిల్లలకి ఇచ్చీండి మాస్టారూ. పాడైతే... పాడవనీండి."

మర్నాటి నుంచి ఆ మూడు కంప్యూటర్లూ పిల్లల చేతుల్లోనే ఉన్నాయి. వాళ్ళు తప్పులు నొక్కారు. రెండుసార్లు మిషన్లు ఆగిపోయాయి, సింహాచలమే బాగుచేయించాడు. ఏడాది తిరిగేసరికి నలుగురు ఆడపిల్లలకు అదే గిడ్డంగిలో ఉద్యోగాలు వచ్చాయి. కూర్మమ్మ మాత్రం అంతకుముందే, వానాకాలం దాటకుండా కన్నుమూసింది. అప్పలనర్సమ్మ ఇంకా ఉప్పు మోస్తూనే ఉంది.

నీతి: పనిముట్టు పాడవుతుందని భయపడి నేర్చుకునేవాళ్ళ చేతికి ఇవ్వకపోతే, పాడయ్యేది వాళ్ళ బతుకే; చేతికి రాని విద్యకు ఇచ్చిన కాగితం ఎవరినీ కాపాడదు.