నూకరత్నం కుట్టిన జిప్పు సంచి

చోడవరంలో అప్పలకొండ ఇంటివాళ్ళకి ఒక్కటే దిగులు. ఇంత తెలివి దేవుడు తమ ముగ్గురికే పంచేశాడే, ఊళ్ళో మిగతావాళ్ళ గతేమిటని. ముగ్గురంటే అప్పలకొండ, వాళ్ళమ్మ సత్తెమ్మ, పెళ్ళాం నూకరత్నం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లు పోకుండా చేస్తారు.

నూకరత్నానికి కుట్టుపిచ్చి. నేర్పినవాళ్ళు లేరు. చిరుగు కనిపిస్తే చాలు, సూది పుచ్చుకుని దూకేది. ఓరోజు అనకాపల్లి నుంచి ఆడపడుచు సింహాలమ్మ ఫోను చేసింది.

"రత్నం, రేపొచ్చేటప్పుడు జంతికలు ప్లాస్టిక్ కవర్లో తేకు. ఉతికి మళ్ళీ వాడుకునే గుడ్డసంచి కుట్టు, పైన జిప్పు పెట్టు. నలక రాలకుండా కుట్టావా, నా మిషను నీకే. రాలిందా, ఎదురింటావిడ అడుగుతోంది, ఆవిడకిచ్చేస్తా."

రత్నం గుండె మిషనులా కొట్టుకుంది. "గుడ్డేది వదినా?"

"ఇంట్లో అన్నిటికన్నా పాత చీర చూసి కొయ్యి. మా తమ్ముడి గుప్పెడు జంతికలు పడితే చాలు. జిప్పు తెరిచుంచకు, చీమలు పడతాయి."

అంతే. పెట్టెలన్నీ బోర్లించారు. గిన్నెలు తుడిచే చీర చూస్తే నిరుడు కొన్నదే. అన్నిటికన్నా పాతది సత్తెమ్మ పెళ్ళిపట్టుచీర, నలభై ఏళ్ళది.

"కొయ్యవే, వయసులో దాన్ని మించింది లేదు," అంది సత్తెమ్మ గర్వంగా.

రత్నం కసక్కున కోసేసింది. ఇక కొలత. "ఏవండీ, గుప్పెడు జంతికలు పట్టుకోండి."

పట్టుకున్నాడు. ఆ గుప్పెట చుట్టూ పట్టుగుడ్డ చుట్టి, చెయ్యి లోపలుండగానే కుట్టేసింది. చీమలు పడకుండా జిప్పు మణికట్టు దాకా బిగించింది.

"ఎంత బాగా పట్టిందో! ఇక చెయ్యి తీసెయ్యండి."

లాగాడు. రాలేదు. సత్తెమ్మ నడుం పట్టుకుని లాగింది. ఇద్దరూ వెల్లకిలా పడ్డారు గాని చెయ్యి రాలేదు.

"గుప్పెట విప్పితేనో?" అన్నాడు.

"విప్పితే అది గుప్పెడెలా అవుతుందండీ? వదిన గుప్పెడంది!"

నిజమే కదా! ఇంకేముంది, మర్నాడు ఆ చేత్తోనే పెళ్ళాంతో కలిసి అనకాపల్లి బస్సెక్కాడు.

"చేతికేమైంది బాబూ, దెబ్బా?" అన్నాడు కండక్టరు.

"కాదండీ, జంతికలు."

సింహాలమ్మ చూసి నోరెళ్ళబెట్టింది. "ఒరే, గుప్పెట విప్పరా!" అక్క చెప్పింది కనక విప్పాడు. జిప్పు కాస్త లాగితే చెయ్యి ఇవతలికొచ్చేసింది. జంతికలు లోపలే ఉండిపోయాయి.

"ఏదీ, చూద్దాం," అని సింహాలమ్మ ఆ తెరిచిన సంచినే బోర్లించింది. ఆవిడా ఆ ఇంట్లో పుట్టిందే మరి. ముక్కలన్నీ జలజలా రాలాయి.

"రాలిందే రత్నం. మిషను ఎదురింటికే."

రత్నం గబుక్కున అందుకుంది. సంచి అటూ ఇటూ తిప్పింది. జిప్పు పళ్ళ మధ్య జానెడు సందు!

"నా మతి మండా! ఇక్కడ కుట్టడం మర్చిపోయాను వదినా!"

ముక్కలన్నీ ఏరి లోపల పోసింది. సూది తీసి జిప్పు నోరు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా రెండు వరసలు కుట్టేసింది. సింహాలమ్మ సంచి విదిలించింది, గోడకేసి కొట్టింది. నలక రాలితే ఒట్టు.

"గెలిచావే! మిషను నీదే!"

రత్నానికి కళ్ళనీళ్ళొచ్చాయి.

"మరి తినేదెలాగే?" అన్నాడు అప్పలకొండ ఆకలిగా.

"అదెంతసేపండీ, మిషనొచ్చిందిగా! పక్కన ఇంకో జిప్పు కుట్టేస్తా. దానికి మాత్రం ఈ దిక్కుమాలిన సందు రానిస్తే అడగండి!"